జవాబుదారీ లేని ఆదర్శము

మన రాజకీయ నాయకులలో ఆదర్శము అడుగంటినదని వాపోవునప్పుడు తెలుగువారి నోట సాధారణముగా రెండు మూడు కథలు వెలువడును. పుచ్చలపల్లి సుందరయ్యగారు పిత్రార్జితమైన ఆస్తిని పార్టీకి ధారపోసి, పార్లమెంటు సభ్యులై యుండియు సైకిలు మీదనే సభకు పోయెడివారనుట ఒకటి. వావిలాల గోపాలకృష్ణయ్యగారు సత్తెనపల్లి నుండి నాలుగు పర్యాయములు శాసనసభకు ఎన్నికై, ఖద్దరు బట్టలు, భుజమున గుడ్డసంచి తప్ప మఱేమియు కూడబెట్టుకొనలేదనుట మఱియొకటి. లాల్ బహదూర్ శాస్త్రిగారు ప్రధానమంత్రిగా నుండి ఫియట్ కారు కొనుటకు బ్యాంకులో ఐదువేల రూపాయలు అప్పు చేసిరనియు, 1966 జనవరిలో తాష్కెంటున ఆయన మరణించిన పిమ్మట ఆ అప్పును భార్య లలితాశాస్త్రి తీర్చవలసి వచ్చెననియు చెప్పుట మూడవది. ఇవి సత్యమైన కథలు, తలచుకొనదగిన కథలు. అయినను వీనిని చెప్పుకొని నిట్టూర్చి లేచిపోవుట మనకొక అలవాటైనది. ఆ అలవాటు వలన ప్రజాజీవనమునకు మేలు కంటె కీడే యెక్కువ కలిగినదని మా విశ్వాసము. ఏలయన నిరాడంబరత వ్యక్తికి చెందిన సుగుణము. సద్గృహస్థులలోను, సన్న్యాసులలోను అది కనబడును. పదవి నధిష్ఠించిన వానికి దానిని మించిన ధర్మము వేఱొకటి కలదు. తన యధికారచ్ఛాయలో జరిగిన దానికి, అది తన చేతులతో జరుగకున్నను, తాను బాధ్యుడనని నలుగురిలో లేచి నిలిచి చెప్పుటయు, చెప్పిన పిమ్మట ఆ పీఠమును విడిచిపోవుటయు ఆ ధర్మము. శాస్త్రిగారి కారప్పును గూర్చి యెఱిగిన మనలో, ఆయన రాజీనామాకు తెలుగునేలతో గల సంబంధము నెఱిగినవారు మాత్రము అరుదు.

1956 సెప్టెంబరు 2వ తేదీన, ఆంధ్రప్రదేశ్ అవతరణకు ఇంకను రెండు నెలలు ఉన్నదనగా, నాటి హైదరాబాదు రాష్ట్రములోని జడ్చర్ల, మహబూబునగరము నడుమ వరద తాకిడికి వంతెన కూలి ఒక రైలు ప్రమాదమునకు గురియైనది. వందమందికి పైగా మరణించిరి. అప్పుడు రైల్వే మంత్రి శాస్త్రిగారు. ఆయన ఆ వంతెనను కట్టినవారు కారు, కాచినవారు కారు. ఆ నాడు కురిసిన వానకు ఆయన ఆజ్ఞతో పని లేదు. అయినను ఆయన రాజీనామా పత్రమును ప్రధానమంత్రి నెహ్రూగారి కందజేసిరి. నెహ్రూగారు అంగీకరింపలేదు. మూడు నెలలు గడువకముందే, నవంబరులో, తమిళదేశమున అరియలూరు దగ్గఱ మఱల వరద, మఱల వంతెన, మఱల రైలు. మృతుల సంఖ్య మునుపటిని మించినది. శాస్త్రిగారు మఱల రాజీనామా నిచ్చిరి, ఈ మాఱు పట్టుబట్టిరి. నెహ్రూగారు దానిని అంగీకరించుచు, ఆ ప్రమాదమునకు శాస్త్రిగారే కారకులని తాము భావించుట లేదనియు, రాజ్యాంగ మర్యాదకు ఒక ఒరవడి ఏర్పడవలెననియే అంగీకరించుచున్నామనియు పార్లమెంటునకు విన్నవించిరి.

దీనిని గూర్చి ఆనాడును ఈనాడును ఒక ఆక్షేపణ వినవచ్చుచున్నది. మంత్రి పోయినంత మాత్రమున కూలిన వంతెన నిలుచునా, పోయిన ప్రాణములు తిరిగి వచ్చునా, 1957 ఎన్నికల పిమ్మట శాస్త్రిగారు తిరిగి మంత్రివర్గమున చేరలేదా, అట్టి యెడల ఆ త్యాగమునకు విలువ యెక్కడిది, అని. ఈ ఆక్షేపణను తేలికగా త్రోసిపుచ్చరాదు. రాజీనామా వంతెనను నిలుపదు, నిజమే. కాని మంత్రిత్వము మంత్రి సొత్తు కాదను సంగతిని అది నిలుపును. తన క్రింది ఉద్యోగి ఏమరుపాటునకు పైవాని పదవికే ముప్పు వాటిల్లునను ఎఱుక రైల్వే బోర్డు గదులలోనికి, అక్కడి నుండి పట్టాలను తనిఖీ చేయు పర్యవేక్షకుని వఱకు దిగివచ్చును. పైన కూర్చున్నవాడు దేనికిని కదలడని తెలిసిన శాఖలో క్రింది గుమాస్తా మాత్రము ఏల కదలును? తిరిగి పదవిలోనికి వచ్చుట దోషము కాదు. ప్రజల యొద్దకు పోయి, వారి యనుమతితో రావలెను. శాస్త్రిగారు అట్లే వచ్చిరి.

మఱుసటి సంవత్సరమే ఈ ఒరవడికి గట్టి పరీక్ష యెదురైనది. 245 బీమా సంస్థలను జాతీయము చేసి 1956 సెప్టెంబరు 1న ఏర్పఱచిన జీవిత బీమా సంస్థ, కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంధ్రాకు చెందిన ఆరు కంపెనీల వాటాలను 1957 జూనులో ఒక కోటి ఇరువది లక్షలకు పైబడిన సొమ్ముతో కొన్నది. పెట్టుబడులను పరిశీలింపవలసిన సంఘమును ముందుగా సంప్రదింపనే లేదు. ఆ సొమ్మెవరిది? నెలజీతములో మిగిల్చి ప్రీమియము కట్టిన బడిపంతులుది, పోస్టుమాస్టరుది, ఇంటి యజమాని కన్ను మూసిన నాడు పిల్లలు వీధిన పడకుండ నుండుటకు పాలసీ కాగితమును పెట్టె యడుగున దాచుకొన్న గృహిణిది. ఈ సంగతిని లోక్‌సభలో సాక్ష్యాధారములతో బయట పెట్టినవారు ప్రతిపక్షనాయకులు కారు. పాలకపక్షమునకే చెందిన రాయబరేలీ సభ్యులు, స్వయముగా ప్రధానమంత్రి అల్లుడు, ఫిరోజ్ గాంధీగారు. మామగారి ప్రభుత్వమని ఆయన నోరు మూసికొనలేదు. నేడు స్వపక్షము చేసిన తప్పును సభలో ప్రశ్నించిన సభ్యునికి తరువాతి ఎన్నికలో టికెట్టు దక్కునా?

నిజనిర్ధారణకు బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి చాగ్లాగారు ఏకసభ్య సంఘముగా నియుక్తులైరి. విచారణ తలుపులు మూసి జరుపబడలేదు. గదిలో పట్టని జనము వెలుపల నిలిచి వినుటకు లౌడుస్పీకర్లను అమర్చిరి. ఆర్థికమంత్రి సాక్షి స్థానమున నిలిచి ప్రశ్నలకు జవాబు చెప్పుచుండగా, ఆయన కార్యదర్శి ఏమి చెప్పెనో, వ్యాపారి ఏమి చెప్పెనో, వీధిలో నిలిచిన సామాన్యుడు తన చెవులార వినెను. ఏండ్లకేండ్లు సాగదీయక, కొన్ని వారములలోనే నివేదిక వెలువడినది. మంత్రి టి.టి. కృష్ణమాచారిగారు ఆ కొనుగోలు తమ నిర్ణయము కాదని చెప్పుకొనిరి. చాగ్లాగారు ఆ సమాధానముతో తృప్తిపడలేదు. కార్యదర్శి చేసిన పనికి రాజ్యాంగరీత్యా మంత్రియే బాధ్యుడనియు, దానిని క్రిందివారి మీదకు నెట్టి తప్పించుకొన వీలు లేదనియు ఆయన తేల్చిరి. 1958 ఫిబ్రవరిలో కృష్ణమాచారిగారు రాజీనామా చేసిరి. మంత్రి లంచము పుచ్చుకొనెనని ఆ సంఘము చెప్పలేదు. ఏ న్యాయస్థానమును ఆయనను శిక్షింపలేదు. అయినను ఆయన పదవిలో నిలువలేదు.

ఈ కడపటి మాటలోనే నేటికిని నాటికిని గల దూరమంతయు ఉన్నది. నేడు ఏ నాయకుని మీదనైన అభియోగము వచ్చినప్పుడు, ఆతని నోటను, ఆతని అనుచరుల నోటను, ఒకే మాట వినవచ్చును: విషయము కోర్టు పరిధిలో ఉన్నది, నిరూపించుకొనుడు. నేరము ఋజువగు వఱకు నిందితుడు నిర్దోషి యనుట చెఱసాలకు పంపు విషయమున అవశ్యపాలనీయమైన న్యాయసూత్రము. దానిని ఎవ్వరును సడలింపరాదు. కాని చెఱసాలకు పోనవసరము లేనివాడల్లా మంత్రిగా నుండ నర్హుడని ఆ సూత్రము చెప్పలేదు. ఒక గ్రామములో దేవాలయపు ధర్మకర్త మీద హుండీ సొమ్మును గూర్చి అనుమానము కలిగినచో, కోర్టు తీర్పు కొఱకు పదునైదేండ్లు తాళపుచెవులను ఆతని చేతనే ఉంచుదుమా? రాష్ట్ర ఖజానా తాళపుచెవుల విషయమున మాత్రము అట్లే చేయుచున్నాము. శిక్షాస్మృతిలో లేనిదెల్లను ధర్మమేయను ఈ వాదము మన ప్రజాజీవనమునకు పట్టిన చీడ.

చట్టములు చేయుటలోనైనను సమదృష్టి యున్నదా? ఆంధ్రప్రదేశమున దామోదరం సంజీవయ్యగారు ముఖ్యమంత్రిగా నున్న కాలమున, 1961లో, అవినీతి నిరోధక శాఖ ఏర్పడినది. సంతానం సంఘము సిఫారసుల ననుసరించి 1964లో కేంద్ర నిఘా సంఘము ఏర్పడినది. అది విచారించునది ఉద్యోగుల నడవడిని, మంత్రుల నడవడిని గాదు. మంత్రుల నడవడిని సైతము విచారింపదగిన లోక్‌పాల్ కొఱకు మొదటి బిల్లు 1968లో వచ్చినది, చట్టము 2013లో అయినది, మొదటి లోక్‌పాల్ 2019లో నియుక్తులైరి. కేంద్రమున మామూలు పుచ్చుకొన్న గుమాస్తాను పట్టుటకు యంత్రాంగము సిద్ధమైన పిమ్మట అర్ధశతాబ్దికి గాని, ఆ గుమాస్తా పై యధికారిని ఆడించు నాయకుని యొద్దకు దాని చేయి చేరలేదు.

ఎన్నికల వ్యయమును గూర్చియు ఇట్టిదే కథ. అభ్యర్థి కొఱకు పార్టీ పెట్టిన ఖర్చును అభ్యర్థి ఖాతాలోనే జమకట్టవలెనని 1974లో సుప్రీంకోర్టు కన్వర్ లాల్ గుప్తా వ్యాజ్యమున తీర్పు చెప్పగా, ఆ యేడాదియే చట్టమును సవరించి ఆ తీర్పు ఫలితమును తుడిచివేసిరి. నేడు పెద్ద రాష్ట్రములలో శాసనసభ అభ్యర్థికి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు పరిమితి. పార్టీ ఖర్చునకు మాత్రము పరిమితియే లేదు. దాత పేరు ప్రజలకు తెలియనీయని ఎన్నికల బాండ్లు 2018లో వచ్చి, 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ధర్మాసనము కొట్టివేయు వఱకు నడచినవి. అభ్యర్థి సంతకము చేసి యిచ్చు లెక్క పరిమితికి లోబడియే యుండును. ఆతని వెంట తిరిగిన కార్ల వరుసను చూచిన ఊరిలోని పసివానికైనను ఆ లెక్క అబద్ధమని తెలియును. శాసనకర్తగా ఆతడు చేయు మొదటి పనియే అసత్య ప్రమాణమైనప్పుడు, ఆతని నుండి మనము ఏ ఆదర్శమును ఆశింపగలము?

ఇక్కడ మన వంతు మాట చెప్పక తప్పదు. పోలింగుకు ముందు రాత్రి వీధిదీపము లార్పి, ఓటర్ల జాబితాను చేత పట్టుకొని, ఇంటింట ఎన్ని ఓట్లున్నవో లెక్క చూచి కవర్లు పంచుట తెలుగు పల్లెలలో, పట్టణములలో ఎవ్వరికి తెలియని సంగతి? మా వీధికి అందలేదని ఆ పార్టీ వారి ఇంటి ముందు గుమిగూడి నిలదీయువారు సైతము ఉన్నారు. పేదవాని కష్టమును మేమెఱుగుదుము. ఆతనిని నిందించుట మా యభిమతము కాదు. కాని మేడలలో నున్నవారు, చదువుకొన్నవారు, మనవాడను కులాభిమానముతో, మన పనులు చేయునను ఆశతో, పైరవీలకు పనికివచ్చునను లెక్కతో, ఎఱిగి యెఱిగి అవినీతిపరుని గెలిపించుట మాత్రము క్షమింపరానిది. వారికి కవరు అందకపోవచ్చును. వారు పుచ్చుకొన్న మూల్యము అంతకంటె పెద్దది.

ఎవరెట్టివారో తెలిసికొను సాధనము మనకు లేకపోలేదు. నామినేషను వేయు ప్రతి అభ్యర్థియు ఫారం 26 అను అఫిడవిట్ ఇచ్చుచున్నాడు. తనపేర, భార్యపేర, ఆధారపడిన వారిపేర గల స్థిరచరాస్తులు, అప్పులు, ప్రభుత్వ బకాయీలు, పెండింగులో నున్న కేసులు అన్నియు అందులో వ్రాసి ఉండును. ఎన్నికల సంఘము వాటిని వెబ్‌సైటున ఉంచుచున్నది. ఈ హక్కు మనకు ఊరక రాలేదు. పౌరులు సుప్రీంకోర్టు దాక పోయి 2002, 2003 తీర్పుల ద్వారా సాధించినది. క్రిందటి ఎన్నికలో ఇచ్చినదానిని, ఇప్పుడిచ్చినదానిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ఐదేండ్లలో ఒక ప్రజాసేవకుని భూములు ఎన్ని ఎకరములు పెరిగినవో ఒక పూటలో తెలిసిపోవును. ఎన్ని గ్రంథాలయములలో, ఎన్ని యువజన సంఘములలో ఈ పని జరుగుచున్నది?

మా పాఠకులలో ఉపాధ్యాయులు, గ్రంథాలయ కార్యకర్తలు, విశ్రాంత ఉద్యోగులు పెక్కురు గలరు. రాబోవు ఎన్నికలో మీ నియోజకవర్గపు అభ్యర్థుల అఫిడవిట్లను సంపాదించి, చదివి, మీ యూరి గ్రంథాలయమున గోడకు అంటింపుడు. ఓటు అడుగ వచ్చిన వానిని, రోడ్డును, బోరుబావిని అడుగుటకు ముందుగా ఈ ఒక్క ప్రశ్న అడుగుడు: నీ శాఖలో అక్రమము జరిగినట్లు తేలిన నాడు, కోర్టు తీర్పు కొఱకు చూడక నీవు పదవిని విడుతువా? ఆతడిచ్చిన జవాబును తేదీ వేసి వ్రాసి యుంచుడు. ఆతడు గెలిచినచో, అవసరమైన నాడు ఆ కాగితమును ఆతని ముందు పెట్టుడు.