పట్టము పునాదియే గాని మేడ కాదు

పట్టము చేతికందిన దినముననే విద్య ముగిసినదని మన యువకులు తలంచుచున్నారు. జమాఖర్చులు సరిచూచుట, సరకు నాణ్యము గుర్తించుట, బాకీదారునితో మాట తూలక సొమ్ము రాఁబట్టుట కళాశాలలో పట్టుబడు విద్యలు కావు. తొలి రెండు మూడేండ్లు అంగడియే బడి. కాశీనాథుని నాగేశ్వరరావుగారు మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివియు బొంబాయి వర్తకశాలలో కొలువు చేయుటకు సిగ్గుపడలేదు. ఆ పిమ్మటనే 1893లో అమృతాంజనమును నెలకొల్పిరి.

అయినను నేరమంతయు యువకులదే యనుట అన్యాయము. 'అనుభవమున్నదా?' యని గద్దించు యజమానులను మే మడుగుచున్నాము: దానిని మీరు గాక మఱెవ్వ రీయవలయును? విత్తనము చల్లకయే పంట కోరుదురా? 1961నాటి అప్రెంటిసు చట్టమును 2014లో సవరించి, ఇంజనీరింగు చదువని పట్టభద్రులకును శిక్షణకు దారి తెఱచిరి. ఆ దారిని చౌకకూలికి అడ్డదారిగా మార్చువారిని మేము క్షమింపఁజాలము. ఏడాది పొడవున ఒకే పట్టికలు నింపించుట శిక్షణ కాదు, వంచన.

యువకులారా! జీత మెంతయని యడుగుటకు ముందు, పని యేమి నేర్పుదురని యడుగుఁడు. యజమానులారా! పని నేర్పుఁడు, నేర్పనిచో అనుభవము మాట యెత్తకుఁడు.