పుస్తకంలో ఫాబేసీ, రోడ్డు పక్కన తంగేడు



నేను ఆళ్లగడ్డ నుంచి రోజూ నంద్యాల క్యాంపస్‌కు వచ్చి బోటనీ చెప్పే ఉపాధ్యాయుణ్ని. సుమారు నలభై కిలోమీటర్ల ప్రయాణం. మీ పిల్లల్లో చాలామంది ఇదే రోడ్డు మీద స్కూల్ బస్సులో వస్తారు. ఈ జూలైలో జరిగిన చిన్న విషయం ఒకటి మీతో చెప్పాలనిపించింది.

తొమ్మిదో తరగతి ఫౌండేషన్ బ్యాచ్‌లో పుష్పించే మొక్కల వర్గీకరణ పాఠం ముగిసింది. ఫాబేసీ కుటుంబం ఫ్లోరల్ ఫార్ములా రాయమంటే దాదాపు అందరూ తప్పు లేకుండా రాశారు. సంతోషం వేసింది. మరునాడు శిరివెళ్ల దగ్గర బస్సు ఆగినప్పుడు దిగి, రోడ్డు పక్కనున్న పొద నుంచి పూలూ కాయలూ ఉన్న కొమ్మ ఒకటి తెంపుకొచ్చి టేబుల్ మీద పెట్టాను.

"ఇది ఏ కుటుంబం?"

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఒక అమ్మాయి లేచి, "ఫాబేసీ మాత్రం కాదు సార్. ఫాబేసీ అయితే పెద్ద రేకు ఒకటి, రెక్కల మాదిరివి రెండు, పడవ మాదిరివి రెండు ఉండాలి. దీనికి ఐదు రేకులూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి" అంది. వారాంతపు పరీక్షల్లో ఎప్పుడూ ముందుండే పిల్ల. చదివినదాన్ని బట్టి చూస్తే ఆమె తర్కంలో లోపం లేదు.

అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి అన్నాడు: "అది తంగేడు సార్. మా అవ్వ చూపించింది. కాయ చిక్కుడుకాయ మాదిరే ఉంటాది, ఇంకా పల్చగా."

సరైన జవాబుకు దారి ఆ మాటలోనే ఉంది. తంగేడు ఫాబేసీ కుటుంబానికి చెందినదే. ఆ కుటుంబం చాలా పెద్దది, అందులో ఉపకుటుంబాలు ఉన్నాయి. సీతాకోకచిలుక ఆకారంలో ఉండే బఠాణీ పువ్వు వాటిలో ఒకదానికే గుర్తు. తంగేడు ఉన్నది వేరే ఉపకుటుంబంలో. వీటన్నిటినీ ఒక గూటికి చేర్చేది కాయ. పుస్తకంలో బఠాణీ బొమ్మ ఒక్కటే చూసిన పిల్ల, పుస్తకం ప్రకారమే ఆలోచించి తప్పు జవాబు చెప్పింది. మొక్కను చూసిన పిల్లవాడికి కుటుంబం పేరు గుర్తులేదు, కానీ కుటుంబాన్ని పట్టిచ్చే గుర్తు తెలుసు.

ఇందులో పిల్లల తప్పు లేదు. తప్పు నాది. ఇన్నేళ్లుగా ఇదే దారిన వస్తూ, ఒక్క కొమ్మయినా తరగతికి తెచ్చింది లేదు.

ఒక పొద చెప్పే పాఠం

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మొక్కల వర్గీకరణను మనం తలకిందులుగా నేర్పుతున్నాం. ముందు కుటుంబం పేరు, తర్వాత లక్షణాల జాబితా, చివర ఉదాహరణలు. ఉదాహరణల దగ్గరికి వచ్చేసరికి పీరియడ్ అయిపోతుంది. మొదలు పెట్టాల్సింది మొక్క దగ్గర.

తంగేడునే తీసుకోండి. దీని శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. ఆరిక్యులేటా అంటే చెవుల్లాంటివి ఉన్నది అని. ఆకు కాడ మొదట్లో చూస్తే గుండ్రని చెవుల్లా రెండు పత్రపుచ్ఛాలు కనిపిస్తాయి. ఒకసారి వేలితో తాకిన పిల్ల ఆ పేరును మళ్లీ బట్టీ పట్టక్కర్లేదు. పువ్వులో పది కేసరాలు ఉంటాయి, పైనున్న మూడు పుప్పొడి ఇవ్వని వంధ్య కేసరాలు. లెక్కపెట్టడానికి రెండు నిమిషాలు చాలు.

ఈ పేరు వెనక ఒక కథ కూడా ఉంది. 1753లో లిన్నేయస్ దీన్ని రేల చెట్టుతో కలిపి కాసియా ప్రజాతిలో పెట్టాడు. కాకినాడ జిల్లా సామర్లకోటలో ఏళ్ల తరబడి మన మొక్కల్ని పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ దీన్ని సెన్నాలో చేర్చాడు. ఆయన పోయాక 1832లో వచ్చిన 'ఫ్లోరా ఇండికా'లో ఆ పేరు ఉంది. అయినా ఆ తర్వాత చాలాకాలం పుస్తకాల్లో కాసియానే నడిచింది. 1982లో ఇర్విన్, బార్నెబీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కాసియాను మూడు ప్రజాతులుగా విడగొట్టాక సెన్నా స్థిరపడింది. ఇవాళ రేల కాసియాలోనే ఉంది, తంగేడు సెన్నాలో ఉంది.

మన పెద్దలు సునాముఖిని నేలతంగేడు అన్నారు. అదీ సెన్నానే! మైక్రోస్కోపు లేకుండానే ఆ చుట్టరికాన్ని పట్టుకున్నారు.

ఊరి పేర్లు ఎక్కడ గెలుస్తాయి, ఎక్కడ ఓడిపోతాయి

తుత్తురుబెండ పొద మన చేల గట్ల మీద ఉంటుంది. పసుపు పువ్వు, చక్రంలాంటి కాయ. ఆ పేరులో 'బెండ' ఊరికే రాలేదు. బెండ, పత్తి, మందారం, తుత్తురుబెండ నాలుగూ మాల్వేసీ కుటుంబమే. ఏ పువ్వు తీసుకున్నా కేసరాలన్నీ కలిసి ఒక గొట్టంలా మధ్యలో నిలబడతాయి. 'నరసింహ' పత్తి రకం మన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం నుంచే వచ్చింది. అలాంటి ఊళ్లో మాల్వేసీ పాఠానికి బోర్డు మీద బొమ్మతో సరిపెట్టుకోవడం ఏమిటి?

బిళ్లగన్నేరు మడగాస్కర్ మొక్క, పచ్చగన్నేరు అమెరికా ఖండం మొక్క. రెండూ బయటి నుంచి వచ్చినవే. మనవాళ్లు వాటిని చూసి 'గన్నేరు' అని పేరు పెట్టారు. అవి నిజంగానే గన్నేరు కుటుంబానివే, అపోసైనేసీ.

అయితే ఊరి పేర్లు ప్రతిసారీ నిజం చెబుతాయని అనుకోకూడదు. ముళ్లగోరింటకూ గోరింటకూ చుట్టరికం లేదు. ముళ్లగోరింట అకాంథేసీ కుటుంబం, నేలవేముకు బంధువు. గోరింట లిథ్రేసీ కుటుంబం. శాస్త్రీయ వర్గీకరణ అవసరం ఇక్కడే తెలుస్తుంది. ఒకే పేరుతో రెండు మొక్కలున్నా, ఒకే మొక్కకు ఊరికో పేరున్నా గందరగోళం లేకుండా చేసేది అదే. కాబట్టి అవ్వ చెప్పిన పేరూ కావాలి, పుస్తకంలో పేరూ కావాలి. రెండూ తెలిసిన పిల్లలకే, ఎక్కడ కలుస్తున్నాయో ఎక్కడ విడిపోతున్నాయో చూసే అవకాశం ఉంటుంది.

ఇంకో సంగతి. వర్గీకరణ రాతి మీద చెక్కిన శాసనం కాదు. బెంథామ్, హుకర్ల పద్ధతి 1862 నుంచి 1883 మధ్య వెలువడింది. డీఎన్‌ఏ ఆధారంగా చేసిన ఏపీజీ పద్ధతి 1998లో మొదలై, 2016 నాటికి మూడుసార్లు సవరణ అయింది. ఒకప్పుడు లాంటానాతో కలిపి వర్బినేసీలో ఉంచిన వావిలీ టేకూ ఇప్పుడు తులసి ఉన్న లామియేసీలోకి వచ్చాయి. జిల్లేడుకు ఉన్న వేరే కుటుంబం గన్నేరు కుటుంబంలో కలిసిపోయింది. దానిమ్మ కూడా తన కుటుంబం వదిలి గోరింట ఉన్న లిథ్రేసీలో చేరింది. గైడ్‌లో ఒకటి, టెక్స్ట్‌బుక్‌లో ఒకటి ఉందని పిల్లలు కంగారు పడితే ఈ చరిత్ర చెప్పండి. సాక్ష్యం మారితే సైన్స్ అభిప్రాయం మార్చుకుంటుందని వాళ్లకు అర్థమవుతుంది.

"మార్కులకు పనికొస్తుందా సార్?"

పేరెంట్స్ మీటింగ్‌లో మీరు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఫీజు కట్టేవాళ్లు అడగాల్సిన ప్రశ్నే. నీట్‌లో 720 మార్కులకు 360 బయాలజీవి. వాటిలో మొక్కల కుటుంబాల వాటా కొద్దిగానే ఉంటుంది. వారానికో పొదను చూస్తే ర్యాంకు వస్తుందని నేను మాట ఇవ్వను.

కానీ ఒకటి గమనించండి. 2024 నుంచి నీట్ సిలబస్‌లో ఐదు కుటుంబాలను పేరుపెట్టి ఇచ్చారు: మాల్వేసీ, క్రూసిఫెరే, లెగ్యుమినోసే, కంపోజిటే, గ్రామినే. మన భాషలో చెప్పాలంటే పత్తి, ఆవాలు, శనగ, పొద్దుతిరుగుడు, వరి. వీటిలో చాలావరకు మన పొలాల్లో పండేవే, మిగిలినవి పోపుడబ్బాలో ఉండేవే. ఒక ఆదివారం పూట చూడగలిగిన వాటికి రెండు వారాల బట్టీ పెడుతున్నాం.

మార్కుల కన్నా పెద్ద సంగతి మరొకటి ఉంది. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త విషపు మొక్కలు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. హైవేల డివైడర్ల మీద, పార్కుల్లో, ఇళ్ల ముందు గన్నేరు విరివిగా నాటుతున్నారు. పచ్చగన్నేరు గింజలో గుండె మీద పనిచేసే విషం ఉందని పిల్లలకు తెలియాలి. అపోసైనేసీకి పాలు కారడం ఒక లక్షణమని పరీక్షలో రాసిన పిల్లవాడు, పాలు కారే కొమ్మ చేతికొచ్చినప్పుడు జాగ్రత్తపడకపోతే ఆ చదువు ఎక్కడ ఆగిపోయినట్టు?

ఇంట్లోనే ఒక ప్రయోగం

వినాయక చవితి దగ్గర పడుతోంది. పూజకు ఇరవై ఒక్క పత్రి తెస్తారు కదా. ఈసారి పీట మీద పెట్టే ముందు ఒక అరగంట పిల్లల చేతికి ఇవ్వండి. కుటుంబాలుగా విడదీయమనండి. వాకుడు, ఉమ్మెత్త ఒక పక్కకు: సొలనేసీ, వంకాయ కుటుంబం. గన్నేరు, జిల్లేడు ఒక పక్కకు: అపోసైనేసీ. తులసి, మరువం, వావిలి నలిపి వాసన చూస్తే అవి ఒక పక్కకు ఎందుకు చేరాలో తెలుస్తుంది: లామియేసీ. జమ్మి మన తంగేడు వైపు. గరిక వరి వైపు. చివరికి కొన్ని ఆకులు ఎటూ తేలక మిగిలిపోతాయి. మిగలనివ్వండి. ఆకు ఒక్కటే చూసి కుటుంబం తేల్చడం కష్టమనీ, వర్గీకరణకు పువ్వు ఎందుకు కావాల్సి వచ్చిందో అనీ అప్పుడే తెలిసొస్తుంది.

ఆ పండగ చేయని ఇళ్లలోనూ మొక్కలకు కొదవ లేదు. రంజాన్‌కు చేతులు పండించే గోరింట కొమ్మ, ఇఫ్తార్ పళ్లెంలో దానిమ్మ గింజలు ఒకే కుటుంబమని చెబితే పిల్లలు నమ్మరు. పువ్వులు పక్కపక్కన పెట్టి చూడమనండి.

మీకు మూడు విన్నపాలు, యాజమాన్యానికి ఒకటి

మొదటిది. షాపుల్లో రెడీమేడ్‌గా అమ్మే హెర్బేరియం ఫైళ్లు కొనకండి. ఎవరో ఎండబెట్టి అంటించిన ఆకుల కింద మీ పిల్లల పేరు రాయిస్తే వాళ్లు నేర్చుకునేది ఏమీ ఉండదు. ఐదు మొక్కలే చాలు, అవి సొంతంగా చూసినవై ఉండాలి.

రెండోది. ఊరికి వెళ్లినప్పుడు పిల్లల్ని అవ్వతోనో తాతతోనో ఒక గంట గట్ల వెంట నడవనివ్వండి. చేతిలో ఒక నోటుబుక్. మొక్కకు నాలుగు ప్రశ్నలు: ఇక్కడ ఏమని పిలుస్తారు? రేకులు ఎన్ని, విడివిడిగా ఉన్నాయా, కలిసి ఉన్నాయా? కేసరాలు ఎన్ని? కాయ ఎలా ఉంది? కుటుంబం పేరు తర్వాత నేను చెబుతాను.

మూడోది. మహానందికో అహోబిలానికో వెళ్లినప్పుడు కారు అద్దాలు దించి చూపించండి. అడవిలో ఒక్క కొమ్మ కూడా తెంపొద్దు, ఫోన్‌లో ఫోటో చాలు. నల్లమల మొక్కల మీద జె.ఎల్. ఎల్లిస్ రాసిన రెండు సంపుటాలను బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా 1987, 1990ల్లో ప్రచురించింది. నేలవేము ప్రజాతిలో ఒక జాతికి 'నల్లమలయానా' అని ఈ కొండల పేరే పెట్టారు. ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో వెతుక్కుంటూ వచ్చే అడవి మన పిల్లలకు బస్సు కిటికీలోంచి కనిపిస్తోంది. అక్కడ రంగురంగుల గుత్తులతో లాంటానా కూడా కనిపిస్తుంది. అది మన మొక్క కాదు, అమెరికా ఖండం నుంచి తెచ్చి తోటల్లో పెంచితే అడవుల్లోకి పాకి మన పొదల చోటు ఆక్రమించింది. అందంగా ఉన్నదల్లా మనది కాదని చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

యాజమాన్యానికి చెప్పేది ఒకటే. గేటు పక్కన క్రోటన్ మొక్కలున్న మడుల్లో ఒక్కటి మాకు ఇవ్వండి. తంగేడు, వావిలి, తుత్తురుబెండ, ముళ్లగోరింట నాటుకుంటాం. ఇవి మన ఎండకు అలవాటు పడినవి, వేరు పట్టేదాకా నీళ్లు పోస్తే చాలు. ప్రతి మొక్క దగ్గర ఒక పలక, మీద మూడు పేర్లు: ఊరి పేరు, శాస్త్రీయ నామం, కుటుంబం. ఆ పలకలు చెక్కడానికి ఆళ్లగడ్డలో శిల్పులకు కొదవ లేదు.

ఆ తంగేడు కొమ్మ సాయంత్రానికి వాడిపోయింది. మరునాడు ఆ అమ్మాయి బస్సు దిగుతూనే ఒక ఎండు కాయ నా చేతిలో పెట్టింది. "లోపల గింజలు లెక్కపెట్టాను సార్. ఇంకో కాయలో ఇన్ని లేవు, ఎందుకు?" అని అడిగింది.

అది నా సిలబస్‌లో లేని ప్రశ్న. వచ్చే సోమవారం ఇద్దరం ఇంకొన్ని కాయలు విప్పి చూడాలనుకున్నాం. మీ ఇంటి దగ్గర తంగేడు ఉంటే, రాలిన కాయలు నాలుగు పంపించండి.

— బోటనీ ఉపాధ్యాయుడు, నంద్యాల క్యాంపస్