నష్టం చేసినవాడే అచ్చుకోవాలి



నిర్గమకాండము 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. ఒకని పశువు పొరుగువాని చేను మేస్తే, అతడు తన చేలోని మంచి పంటను దానికి బదులు ఇవ్వాలి. మన తాడ్వాయిలో దీన్ని ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

మరి ఇసుక లారీ సంగతేమిటి? మంజీర ఇసుక, కంకర మోసే టిప్పర్లు పోతుంటే దుమ్ము మక్కచేను మీద పడుతుంది, పొగ పిల్లల ఊపిరిలోకి పోతుంది. ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు నష్టం సుమారు పదహారింతలని ఇంజనీర్ల లెక్క. భిక్కనూరు టోల్‌ప్లాజాలో కట్టేది రహదారి కోసం, మన ఊపిరి కోసం కాదు. పాత బండ్లకు హరిత పన్ను ఉంది గాని, అది బండి వయసునే చూస్తుంది. మోసిన బరువునూ తిరిగిన దూరాన్నీ చూడదు.

2015 అక్టోబరులో సుప్రీంకోర్టు ఢిల్లీలోకి వచ్చే లారీలపై పర్యావరణ పరిహార రుసుం విధించింది. చిన్నవాటికి 700, పెద్దవాటికి 1,300 రూపాయలు. డిసెంబరులో దాన్ని రెండింతలు చేసింది. స్విట్జర్లాండులో 2001 నుంచి బరువు, దూరం, పొగ మూడూ లెక్కగట్టి తీసుకుంటున్నారు.

ఇది న్యాయమని నా నమ్మకం. అయితే ఆజ్ఞ ప్రకారం పరిహారం చేను పోయినవానికే చేరాలి. ఢిల్లీలో వసూలైన సొమ్ము చాలావరకు ఏళ్లపాటు ఖర్చు కాలేదని విమర్శ వచ్చింది. స్విస్ రుసుంలో మూడో వంతు అక్కడి రాష్ట్రాలకు పోతుంది. మన దగ్గర కూడా అది రోడ్డు పక్క ఊళ్లకు చెట్లుగా, దవాఖానలో మందులుగా తిరిగి రావాలి.

ఇంకోమాట. ఆజ్ఞ అడిగేది పశువు యజమానిని, గొడ్లు కాసే జీతగాణ్ణి కాదు. లారీ నడిపే మన తమ్ముళ్ల బత్తాలోంచి ఈ రుసుం కోయకూడదు.

ఇసుక ధర పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది. కాని ఆ ఖర్చు ఇప్పుడూ ఉంది. రోడ్డు పక్క ఇంట్లో ముసలమ్మ దాన్ని దగ్గుతో కడుతోంది. ఇల్లు కట్టుకునే మనం కట్టడం న్యాయమా, ఆమె కట్టడం న్యాయమా?

వచ్చే గ్రామసభలో ఈ ప్రశ్న అడుగుదాం. పొరుగువాని నష్టాన్ని చూసే కన్నులు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమెన్.