"ఉద్యోగము వచ్చిందా?" అని అడిగే ముందు



ఆదివారము ఆరాధన ముగిసి, చెట్టు క్రింద నిలబడి మాట్లాడుకొనే వేళ డిగ్రీ పూర్తి చేసిన పిల్లవాడు కనబడితే మనము అడిగే మొదటి మాట, "ఏం బాబూ, ఉద్యోగము వచ్చిందా?" ప్రేమతోనే అడుగుతాము. కాని పది మంది నోట అదే మాట విన్న పిల్లవాడు మెల్లగా గుడికి రావడమే మానుకుంటాడు. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతపు తల్లిదండ్రులు కొందరు ఈ బాధను మాతో చెప్పుకున్నారు. అందుకే ఈ నెల ఆ పిల్లల కొరకు వ్రాస్తున్నాము.

మెహిదీపట్నంలో బస్సు ఎక్కి చేవెళ్ల వైపు వస్తే దారి పొడవునా ఇంజనీరింగు కాలేజీల బోర్డులు కనిపిస్తాయి. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చిన తరువాత కూలి కుటుంబాల పిల్లలు కూడ ఆ మెట్లు ఎక్కగలిగారు. అది గొప్ప మేలే. అయితే చదువు వచ్చినంత వేగముగా పని రాలేదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీటిని కాపాడడానికి 1996లో వచ్చిన 111వ జీవో 84 గ్రామాలలో కాలుష్యపు పరిశ్రమలను నిషేధించింది. తాగునీటికి అది అవసరమే గాని, ఊరి ప్రక్కన ఫ్యాక్టరీ పని దొరకలేదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు అందరి చూపూ మాదాపూరు వైపే. ఆ కంపెనీలు కొత్తవారిని తీసుకోవడము తగ్గించిన ప్రతిసారీ, లోపల పరిచయస్థులు లేని పల్లె పిల్లలకు దారి మరింత ఇరుకవుతుంది.

ప్రభుత్వ ఉద్యోగమో? 503 పోస్టులకు గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిల్‌లో వచ్చింది. ప్రిలిమ్స్ రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో మరల కొత్త ప్రకటన ఇచ్చారు. ఆ రెండేండ్లు గది అద్దె కట్టి చదివిన పిల్లవాడు సోమరి కాడు.

మత్తయి సువార్త 20వ అధ్యాయములో ద్రాక్షతోట యజమానుడు ప్రొద్దుగూకే వేళకు కూడ పని లేక నిలిచి ఉన్నవారిని చూశాడు. తమను పిలిచినవారే లేరని వారు చెప్పినప్పుడు వారిని గద్దించలేదు, తోటలోనికి పంపాడు. మన సంఘము చేయవలసినది కూడ అదే.

మొదట, ఒక నోటు పుస్తకము పెట్టండి. ఒక ప్రక్క పని కావలసిన పిల్లల పేర్లు, చదువు వ్రాయండి. మరొక ప్రక్క ఆసుపత్రిలో, బడిలో, బ్యాంకులో, ఆర్టీసీలో, కంపెనీలో పని చేసే సంఘ సభ్యుల పేర్లు వ్రాయండి. ఖాళీ ఉన్నదని తెలిసిన రోజే చెప్పడము వారి వంతు. ఇంటర్వ్యూకు పోయే బిడ్డకు బస్సు చార్జీ, ఇస్త్రీ చేసిన చొక్కా సమకూర్చడము మన వంతు.

రెండవది, కాగితాలు. మన ఇండ్లలో పిలిచే పేరు ఒకటి, బాప్తిస్మపు పేరు ఒకటి, టెన్త్ మెమోలో పేరు మరొకటి. ఆధార్‌లోని పేరు, పుట్టిన తేదీ టెన్త్ మెమోతో సరిపోవాలి. ఉద్యోగము వచ్చాక దిద్దుకుందామంటే కాలము మించిపోవచ్చును. ఇప్పుడే సరిచేయించండి.

మూడవది, అప్రెంటిస్ శిక్షణ. 1961 నాటి అప్రెంటిస్ చట్టము క్రింద డిగ్రీ, డిప్లొమా చదివినవారిని సంస్థలు శిక్షణకు తీసుకుంటాయి. డిగ్రీవారికి నెలకు కనీసము 9,000 రూపాయలు ఇవ్వాలని 2019లో నిర్ణయించారు. భారత ప్రభుత్వపు నాట్స్ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవచ్చును. ఇది పర్మనెంటు ఉద్యోగము కాదు. కాని "అనుభవము ఉన్నదా?" అని అడిగేవారికి చూపించడానికి ఒక కాగితము చేతికి వస్తుంది.

నాలుగవది, తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. హైదరాబాదు దగ్గరవుతున్న కొద్దీ ఇక్కడి భూమి ధర పెరిగింది. ఆ సంగతి మనకంటె ముందు దళారికి తెలుసు. "రెండు లక్షలు కట్టండి, ఆఫర్ లెటరు నాది" అనేవానికి గుంట భూమి కూడ అమ్మవద్దు. విదేశాలకు పంపుతామనే ఏజెంటుకు భారత ప్రభుత్వపు లైసెన్సు ఉన్నదో లేదో చూడండి. అతడు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ తప్ప ఎక్కువ రుసుము తీసుకోరాదని నిబంధన. కంప్యూటరు పని అని నమ్మి కంబోడియా వెళ్లి సైబరు మోసగాండ్ల చేతిలో చిక్కిన తెలుగు యువకుల సంగతి 2024లో పత్రికలలో చదివాము. ఏ తల్లికీ ఆ దుఃఖము వద్దు.

యౌవనస్థులారా, మీతో కూడ ఒక మాట. పోటీ పరీక్షలకు ఇన్ని ఏండ్లు అని ఇంట్లో కూర్చుని ముందే ఒక హద్దు పెట్టుకోండి. ఆ లోపల చేతికి వచ్చిన పని చేయండి. పిల్లలకు ట్యూషను చెప్పండి. నాయన గుడిమల్కాపూరు మార్కెట్టుకు పూలు పంపుతుంటే ఆ లెక్క మీరు వ్రాయండి, ధర మీరు కనుక్కోండి. చదువుకున్నవాడు తోటలోకి దిగితే చదువు తరిగిపోదు.

పెద్దలారా, వచ్చే ఆదివారము ఆ పిల్లవాడు కనబడితే పాత ప్రశ్న అడుగవద్దు. భుజము మీద చేయి వేసి, "నీ కొరకు నేను ఎవరితో మాట్లాడాలి, నాయనా?" అని అడగండి. జవాబు విన్న తరువాత మరచిపోక, సోమవారమే వారితో మాట్లాడండి.