బ్రౌజరుకో పర్మిట్టు

ఫైర్‌ఫాక్సులో బుద్ధిగా నడిచే పొడిగింత క్రోములో మొరాయిస్తుంది. వెంటనే మనవాళ్ళు దాన్ని రాసినవాణ్ణి తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు అతనిది కాదని నా అభిప్రాయం.

మా నగరి దాటితే తమిళనాడు. ఇక్కడి వరకే పర్మిట్టున్న అద్దెబండి సరిహద్దు దాటాలంటే వేరే పర్మిట్టు కావాలి. బండి అదే, డ్రైవరూ అదే, రూలు వేరు. పొడిగింతల సంగతీ అంతే. మేనిఫెస్టు మూడో కూర్పులో, తెర వెనక నడిచే కోడు క్రోముకైతే సర్వీస్ వర్కరుగా ఉండాలి. ఫైర్‌ఫాక్సేమో దాన్ని ఈవెంట్ పేజీగా నడుపుతుంది. సర్వీస్ వర్కరుకి డామ్ అందదు కాబట్టి, దానిమీద ఆధారపడ్డ కోడు అక్కడ ఆగిపోతుంది. సఫారికైతే మొత్తాన్ని ఒక యాప్‌లో చుట్టి ఇవ్వాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలోని క్రోములో పొడిగింతలకి చోటే లేదు.

తెలుగువాళ్ళకి ఇది కొత్త కష్టమేం కాదు. పద్మ గుర్తుందా? అప్పట్లో ఈనాడు లాంటి పత్రికల సైట్లు యూనికోడులో ఉండేవి కావు. ఇంగ్లీషు అక్షరాల కోడ్ల మీద తెలుగు బొమ్మలు కూర్చిన సొంత ఖతులు వాడేవాళ్ళు. పేజీతోపాటే ఆ ఖతిని దించుకునే సౌకర్యం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకే ఉండేది. అదే పేజీ మన మంటనక్కలో తెరిస్తే అంతా గజిబిజి! నాగార్జున వెన్న గారి పద్మ ఆ గజిబిజిని అక్కడికక్కడే యూనికోడులోకి మార్చేది. అదంత తేలిక పని కాదండోయ్. ఖతిలో ‘కి’ ఒకే బొమ్మ కావచ్చు, యూనికోడులో క, గుడి రెండు కోడ్లు. పైగా ఏ ఖతి లెక్క దానిదే, ఒక్కోదానికి ఒక్కో పట్టిక కావాలి.

2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి పాత పద్ధతి పొడిగింతలన్నిటికీ తలుపులు మూసింది. ఆ పద్ధతిలో రాసిన పద్మకీ అదే గతి. మొజిల్లాని తప్పుపట్టలేం. పొడిగింత బ్రౌజరు కడుపులో చెయ్యి పెట్టగలిగితే భద్రత ఎక్కడుంటుంది? 2021లో గూగుల్, యాపిల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా కలిసి పొడిగింతల నియమాల్ని ఒక దారికి తేవడానికి డబ్ల్యూ3సీలో ఒక బృందం పెట్టుకున్నాయి. అయినా తేడాలు పూర్తిగా పోలేదు.

నేననేది ఒకటే. భాషకి సంబంధించిన పనిని బ్రౌజరు దయకి వదిలెయ్యకూడదు. మార్పిడి పట్టికలూ, నియమాలూ ఏ బ్రౌజరుతోనూ పనిలేని లైబ్రరీగా, అందరికీ అందుబాటులో ఉండాలి. పొడిగింత దానిమీద పల్చటి తొడుగు మాత్రమే. రేపు రూలు మారితే తొడుగు మారుద్దాం, పట్టిక పదిలంగా ఉంటుంది.

“ఇప్పుడంతా యూనికోడే కదా, ఈ గోల ఎందుకు?” అంటారేమో. డీటీపీ సెంటర్లలో అను ఖతుల్లో కొట్టిన పుస్తకాల ఫైళ్ళున్నాయి. ఆరోజుల్లో మనం సేవ్ చేసుకున్న పత్రికల పేజీలున్నాయి. వాటిల్లో తెలుగు మాట వెతికితే దొరకదు, ఎందుకంటే కంప్యూటరు లెక్కలో అది తెలుగే కాదు. చదివినప్పుడల్లా మార్చుకోవడం కాదు, ఒక్కసారి యూనికోడులోకి మార్చి దాచుకోవాలి. ఖతి పోయి, పట్టికా పోయిందంటే ఆ ఫైలు ఉన్నా లేనట్టే. మీ పాత హార్డుడిస్కుల్లో అలాంటివి ఎన్నున్నాయో ఈ ఆదివారం ఓసారి చూడండి.