ఆ జాబితాలో ఒక నాత్ కూడా ఉంది

గత నెలలో ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు, ఊరు వెల్లడించవద్దని కోరారు. ఆమె పెద్ద కుమారుడు ఇంజినీరింగ్ మూడవ సంవత్సరం చదువుతున్నాడు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అతని ఫోన్‌లో ఒక పాటల జాబితా ఆమె కంటబడింది. గంజాయి తాగిన రాత్రులలో వినడానికని హాస్టలు మిత్రులు కలిసి కూర్చుకున్న జాబితా అది. దాచిపెట్టే ప్రయత్నం కూడా లేదు, శీర్షికే ఆ సంగతి చెబుతోంది. నలభైకి పైగా పాటలు ఉన్నాయట. తండ్రి ఆ ఫోన్ లాక్కొని గోడకేసి కొట్టారు. అప్పటి నుండి తండ్రీకొడుకుల మధ్య మాటలు లేవు.

"ఆ పాటల మధ్య ఒక నాత్ కూడా ఉంది, మౌలానా సాబ్. వాడి చిన్నతనంలో నిద్రపుచ్చుతూ నేను పాడిన నాత్ అది. తప్పు పాటదా, గంజాయిదా? మొదట దేన్ని మాన్పించాలి?" అని ఆమె అడిగారు.

రెండింటినీ మాన్పించండి అని ఒక్క వాక్యంలో జవాబు రాసి పంపవచ్చు. సంగీత వాద్యాల గురించి నా అభిప్రాయం ఈ శీర్షిక పాఠకులకు తెలిసినదే. ఆ విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి, మత్తు విషయంలో లేవు. కాని ఆ ఒక్క వాక్యంతో ఆ తల్లి ఏం చేసుకుంటుంది? కుమారుడికి ఆ సంగతి తెలియక కాదు కదా! పాటకూ గంజాయికీ ఈ పొత్తు ఎలా కుదిరిందో తెలుసుకోకుండా జవాబు రాయడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకని నా పూర్వ విద్యార్థి ఒకరిని పిలిపించుకున్నాను. ఎనిమిది పారాలు కంఠస్థం చేసి మధ్యలో ఆపివేసినవాడు, మంచి కంఠం ఉన్నవాడు. మూడు సంవత్సరాలు ఆ అలవాటులో ఉండి బయటపడ్డాడు.

"మొదటిసారి ఏమీ తెలియలేదు, హజ్రత్" అన్నాడు. "దగ్గు వచ్చింది. తల తిరిగింది. గుండె దడదడలాడితే చచ్చిపోతానేమోనని భయపడ్డాను. రెండోసారీ అంతే. నాలుగోసారి ఒక మిత్రుడు నా చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, వెనుక వినబడే ఆ డోలు దెబ్బను మాత్రమే పట్టుకో, మిగతాది వదిలెయ్ అన్నాడు. అప్పుడు బాగుందనిపించింది."

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. అమెరికాలో హోవర్డ్ బెకర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఉండేవారు. షికాగోలో నాట్యశాలల వాద్యబృందాలలో పియానో వాయిస్తూ చదువుకున్న మనిషి. గంజాయి తాగేవారు 50 మందితో మాట్లాడి 1953లో ఒక వ్యాసం ప్రచురించారు. తాగిన వెంటనే ఎవరికీ సుఖం కలగదని ఆయన గ్రహించారు. ముందు పొగ పట్టే పద్ధతిని ఎవరో నేర్పాలి. తరువాత శరీరంలో కలిగే మార్పును గుర్తించడం నేర్పాలి. చివరకు ఆ మార్పు సుఖమేనని ఒప్పించాలి. ఈ మూడూ నేర్పేది తోటివారే. తల తిరగడాన్ని, దాహాన్ని, భయాన్ని వినోదమని పేరు మార్చి అప్పగించేది సావాసమే. ఆ పాటల జాబితా చేసే పని కూడా ఇదే. అది కొత్తగా చేరినవాడికి ఎక్కడ చెవి పెట్టాలో చూపించే వాచకం.

ఇందుకు ఎలాంటి పాటలను ఎంచుకుంటారని అడిగాను. నిదానమైనవి, లోతైన మంద్రస్వరం ఉన్నవి, మాటలు తక్కువగా ఉన్నవి అన్నాడు. కారణం ఊహించడం కష్టం కాదు. గంజాయిలోని టీహెచ్‌సీ అనే పదార్థం కాలం గురించిన అంచనాను చెడగొడుతుంది. ఐదు నిమిషాలు పది నిమిషాలుగా తోస్తాయి. తాత్కాలిక జ్ఞాపకశక్తి సడలుతుంది కనుక, ఇప్పుడే విన్న స్వరం జారిపోయి వచ్చే ప్రతి స్వరమూ కొత్తగా తగులుతుంది. విన్న పాటనే మొదటిసారి వింటున్నట్టు ఉంటుందని వారు చెప్పేది అబద్ధం కాదు. మరచిపోతూ వినడాన్నే వారు లోతుగా వినడం అనుకుంటారు.

ఈ మధ్య యువకులు సినిమా పాటలను, ఖవ్వాలీలను వేగం తగ్గించి, ప్రతిధ్వని కలిపి వింటున్నారు. ఆ సోదరి చూసిన జాబితాలో సగం ఇలాంటివేనట. 1990లలో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో డీజే స్క్రూ అనే యువకుడు పాటలను ఇలా నెమ్మదింపజేసి టేపులు తయారుచేసి పేరు పొందాడు. కోడీన్ అనే దగ్గుమందు మత్తుతో ఆ సంగీతానికి చుట్టరికం ఉండేది. 2000 నవంబరులో, 29 ఏళ్ళ వయసులో, ఆ కోడీనే ఇతర మత్తు పదార్థాలతో కలిసి అతని ప్రాణం తీసింది. పాట నిదానించినంత మాత్రాన వినేవాడు గంజాయి తాగుతున్నాడని ఏ తల్లీ అనుమానపడవద్దు. మత్తు కాలానికి చేసే పనిని ఇప్పుడు పాటకే ముందుగా చేసి ఇస్తున్నారని మాత్రం గమనించాలి.

జాబితాలో జమైకా దేశపు రెగే పాటలు ఉండటం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. అక్కడ గంజాయిని పిలిచే పేరు మన దేశం నుండి వెళ్ళినదే. 1845 నుండి చెరకు తోటల పనికి ఒప్పంద కూలీలుగా ఓడలలో తరలించిన మనవారితో పాటు ఆ మాట కూడా సముద్రం దాటింది. తరువాతి కాలంలో అక్కడ రాస్తఫారీ విశ్వాసులు దానిని తమ ఆరాధనలో భాగం చేసుకున్నారు. వారి విశ్వాసం వారిది, దానిపై తీర్పు చెప్పడానికి నేను కూర్చోలేదు. పీటర్ టోష్ వంటి గాయకులు గంజాయిని చట్టబద్ధం చేయాలని పాటలే కట్టారు. ఆ విశ్వాసంతోగానీ, ఆ కూలీల కష్టంతోగానీ పరిచయం లేని మన హాస్టలు కుర్రవాడికి అందులో దక్కేది పొగ ఒక్కటే.

"గొప్ప వాద్యకారులే తాగారు కదా, హజ్రత్?" అని అతను అడిగాడు. తాగారు, దాచడమెందుకు? జాజ్ సంగీతంలో మేటి అయిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928లో గంజాయి వాడుక పేరునే ఒక రచనకు పెట్టి వాయించారు. 1930లో కాలిఫోర్నియాలో ఆ కారణంగానే అరెస్టయ్యారు. కాని ఆయనకు బాకా వాయించడం పట్టుబడింది అంతకు ఎంతో ముందు, న్యూ ఆర్లీన్స్‌లో అనాథ బాలురను ఉంచిన సంస్కరణాలయంలో. మనవైపు చూడండి. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబ్ నాదస్వరంతో శ్రీరంగం దాకా వెళ్ళి స్థిరపడ్డారు. 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆ విద్యలో ఊపిరి నిలపడానికే ఏళ్ళ సాధన కావాలి. వాయించడానికి అంత సాధన కావలసినప్పుడు వినడానికి మాత్రం ఏ సాధనా అక్కరలేదా?

లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక అధ్యయనాన్ని ఇక్కడ చెప్పాలి. గంజాయి అలవాటున్న 16 మందికి వేర్వేరు రోజులలో గంజాయినీ, మత్తులేని ఉత్తుత్తి మందునూ ఇచ్చి, సంగీతం వినిపిస్తూ మెదడును స్కాన్ చేశారు. గంజాయి పీల్చిన రోజున పాట వినాలనే కోరిక పెరిగింది, ధ్వనులు స్ఫుటంగా తోచాయి. కాని సంగీతానికి మెదడులోని శ్రవణ కేంద్రాలు, ఆనందాన్నీ ఉద్వేగాన్నీ గుర్తించే భాగాలు చూపిన స్పందన తగ్గిపోయింది. సీబీడీ అనే మరో పదార్థం కూడా ఉన్న గంజాయితో ఈ తగ్గుదల కనిపించలేదు. పదహారు మందితో చేసిన చిన్న పరిశీలన, దానితోనే అంతా తేలిపోయిందని నేను అనను. కాని కోరిక పెరిగి స్పందన తరగడం అనే ఆ సంగతి చదివినప్పుడు నాకు ఒక హదీసు స్ఫురించింది. మత్తెక్కించే ప్రతిదానితో పాటు మందగింపజేసే ప్రతిదానినీ దైవప్రవక్త (స) నిషేధించారని హజ్రత్ ఉమ్మె సలమా (ర) ఉల్లేఖించారు. అబూ దావూద్ సంకలనంలో ఉంది. తరగతిలో 'ముఫత్తిర్' అనే ఆ పదానికి అవయవాలను సడలింపజేసేది అని అర్థం చెప్పి ముందుకు సాగిపోయేవాణ్ణి. చెవి కూడా అవయవమేనని ఇన్నేళ్ళకు తోచింది.

ఇమామ్ గజాలీ (రహ్మలై) తన 'ఇహ్యా' గ్రంథంలో శ్రవణం గురించి ఒక పూర్తి అధ్యాయం రాశారు. వినడానికి కాలం, స్థలం, సహచరులు అనే మూడింటినీ చూసుకోవాలన్న హజ్రత్ జునైద్ బగ్దాదీ (రహ్మలై) మాటను అందులో పొందుపరిచారు. మా విద్యార్థులకు ఇది సూఫీ మర్యాదగా బోధిస్తాం. ఆ తల్లి ఉత్తరం పక్కన పెట్టుకొని మళ్ళీ చదివితే, హాస్టలు గదిని గురించి రాసినట్టే ఉంది. ఏ వేళ, ఏ గది, ఎవరి పక్కన? ఫోన్ పగలగొట్టిన తండ్రి ఈ మూడింటిలో ఒక్కటీ అడగలేదు.

నా విద్యార్థి మానివేసిన తరువాతి సంగతి కూడా చెప్పాలి. మొదటి వారం నిద్ర లేదు, ఆకలి లేదు, చీటికి మాటికి కోపం. వైద్యులు ఇది సహజమేనని, క్రమంగా తగ్గుతుందని ధైర్యం చెప్పారు. అతణ్ణి ఎక్కువగా బాధించింది వేరొకటి. ఏ పాటా రుచించలేదు. రమజానులో తరావీహ్‌లో నిలబడితే హాఫిజ్ గారి పఠనం ఉప్పులేని అన్నంలా ఉందట. "చెవులు ఎవరికో తాకట్టు పెట్టినట్టుంది, హజ్రత్" అన్నాడు. అప్పటికి మద్రసాకు రమ్మని నేను అతణ్ణి ఒత్తిడి చేయలేదు. వాళ్ళ నానీ ఇంట్లో ఉండేవారు. పూర్వం తిరగలి విసురుతూ మన దక్కనీ స్త్రీలు పాడుకున్న చక్కీనామాలు ఆమెకు కొన్ని జ్ఞాపకం ఉన్నాయి. మధ్యాహ్నం బియ్యం ఏరుతూ గొణుక్కునేవారు. అతను పక్కనే కూర్చొని ఏరేవాడు. కొన్ని నెలలకు ఒకరోజు ఆమె ఒక చరణం తప్పితే, వెంటనే అందించాడట. తన చెవి తిరిగి వచ్చిందని తెలిసింది అప్పుడేనని చెప్పాడు.

సోదరీ, మీ ప్రశ్నకు నా జవాబు ఇది. మొదట గంజాయి. పాటల సంగతి తరువాత మాట్లాడుకుందాం. జాబితాను చెరిపివేయించకండి. దానిని అతని చేతికే ఇచ్చి, మొదటి పాటను ఎవరు వినిపించారో, ఆ రాత్రి ఏమైందో అడగండి. అతను చెప్పేటప్పుడు మధ్యలో హదీసు చెప్పకండి. అది మా పని, తరువాత చేస్తాం. వ్యసన విముక్తి సలహా కోసం 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పోలీసుల భయంతో చాలా కుటుంబాలు వైద్యుని దగ్గరకు వెళ్ళవు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ అనే సెక్షను ఉంది. వాడకానికో కొద్ది పరిమాణానికో సంబంధించిన కేసు ఉన్నా, వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ నుండి రక్షణ ఇస్తుంది. చికిత్స పూర్తి చేయాలి, మధ్యలో వదిలితే ఆ రక్షణ పోవచ్చు.

ఈ మాటలే ఆమెకు ముందుగా ఉత్తరంలో రాశాను. ఈ సంచిక అచ్చుకు వెళ్ళే ముందు ఆమె ఫోన్ చేశారు. కుమారుణ్ణి అడిగారట. మిగతా పాటలన్నీ మిత్రులు చేర్చినవే. నాత్‌ను మాత్రం అతనే చేర్చుకున్నాడు. ఒక్కోసారి తాగాక గుండె దడ పెరిగి, గోడలు మీదికి వస్తున్నట్టు భయం వేసేదట. అప్పుడు మిత్రులకు చెప్పకుండా అది పెట్టుకొని, దుప్పటి కప్పుకొని పడుకునేవాడట.

శనివారం వైద్యుని దగ్గరకు వెళుతున్నారు. తండ్రి కూడా వస్తానన్నారట. పగిలిన ఫోన్‌ను బాగు చేయించడానికి ఇచ్చారట.