చేను చెప్పే లెక్కకు ఏ చిప్పు?

నల్లరేగడికి జ్ఞాపకశక్తి ఎక్కువ. వానాకాలంలో తాగిన నీటిని చలికాలం దాకా కడుపులో దాచుకుంటుంది. నంద్యాల జిల్లా ఉయ్యాలవాడ, కోవెలకుంట్ల చుట్టుపక్కల రేనాటి పొలాల్లో పప్పుశనగ పండేది ఆ తడి మీదే. అక్టోబరు, నవంబరుల్లో విత్తితే మూడు, మూడున్నర నెలల్లో చేతికొస్తుంది. మరి ఆ తడి ఏ వారం ఎంత తగ్గింది? పూతప్పుడు ఎంతుంది? గింజ పట్టేటప్పుడు ఎంతుంది? తెలియాలంటే రోజూ కొలిచి రాసిపెట్టే మనిషైనా ఉండాలి, ఓ చిన్న బోర్డైనా ఉండాలి.

ఆ ఊళ్లో ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు చేలో అలాంటి బోర్డు పెడదామనుకున్నాడనుకోండి. ‘‘తడి చూడ్డానికి పార చాలదారా?’’ అంటాడు తండ్రి. ‘‘ఈరోజు తడి పార చెబుతుంది నాయనా, పోయిన నెల తడి చెప్పదు గదా’’ అంటాడు కొడుకు. నిజమే. కానీ బోర్డు మాత్రం పోయిన నెల సంగతి గుర్తుపెట్టుకుంటుందా?

32 గంటలకే ఫుల్!

ఇలాంటి పనులకు ఎక్కువమంది కొనేది ఆర్డ్యునో ఉనో బోర్డు. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో విద్యార్థుల కోసం పుట్టిన ఆర్డ్యునో కుటుంబంలోదే ఇదీ. ఉనో ఆర్3లో ఉండే చిప్పు ఏటీమెగా328పి. కరెంటు పోయినా మరిచిపోకుండా రీడింగులు రాసుకోవడానికి అందులో ఉన్న చోటు, అంటే ఈఈప్రామ్, ఒక్క కిలోబైటే.

లెక్క వేద్దాం. తేదీ, సమయానికి 4 బైట్లు, తడికి 2, ఉష్ణోగ్రతకు 2... మొత్తం 8 బైట్లు. పావుగంటకోసారి రాస్తే రోజుకు 96 రీడింగులు, 768 బైట్లు. ఆ ఒక్క కిలోబైటు 32 గంటల్లో నిండిపోతుంది. కాబట్టి బయట నుంచి మరో మెమరీ చిప్పు తగిలించాల్సిందే. ఏది?

బిట్టు వేరు, బైటు వేరు

మొదటి బోల్తా ఇక్కడే. 24ఎల్‌సీ256 అనే చిప్పు పేరులోని 256ను చూసి 256 కిలోబైట్లనుకుంటారు. అవి కిలోబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. అంటే ఉన్నది 32 కిలోబైట్లే. పావుగంట లెక్కన 42 రోజులు. శనగ పూత దశలో ఉండగానే పుస్తకం అయిపోతుంది!

అయితే పెద్ద చిప్పు కొనాలా? అక్కర్లేదు. నేలలో తడి నిమిషాల్లో మారిపోదు. గంటకోసారి కొలిస్తే చాలు. అప్పుడు రోజుకు 192 బైట్లే. అదే చిప్పు 170 రోజులు వస్తుంది. విత్తిన రోజు నుంచి కోత దాకా మొత్తం పట్టేస్తుంది.

అన్నీ మెమరీలే... గుణాలే వేరు

23ఎల్‌సీ1024 అనే ఎస్‌ర్యామ్ చిప్పులో 128 కిలోబైట్లు పడతాయి. చాలా వేగం. కానీ బ్యాటరీ అయిపోయిందా, పలక తుడిచినట్టే. సీజన్ లెక్కలకు పనికిరాదు.

డబ్ల్యూ25క్యూ32 అనే ఫ్లాష్ చిప్పులో ఏకంగా 4 మెగాబైట్లు. కరెంటు పోయినా గుర్తుంటుంది. ఇబ్బందల్లా వోల్టేజీతోనే. దానికి 2.7 నుంచి 3.6 వోల్టులే పడతాయి. ఉనో పనిచేసేది 5 వోల్టులతో. మధ్యలో వోల్టేజీ తగ్గించే ఏర్పాటు లేకుండా నేరుగా కలిపితే చిప్పు పాడవుతుంది. పైగా అందులో రాసినదాన్ని మార్చాలంటే ముందు కనీసం 4 కిలోబైట్ల ముక్కను మొత్తం చెరపాలి.

24ఎల్‌సీ256 ఈఈప్రామ్ మాత్రం 2.5 నుంచి 5.5 వోల్టుల దాకా పనిచేస్తుంది. 5 వోల్టుల ఉనోకూ సరే, 3.3 వోల్టుల ఈఎస్‌పీ32 బోర్డుకూ సరే. ఐటుసీ పద్ధతిలో రెండే సిగ్నల్ తీగలు. చాలకపోతే అదే తీగల మీద ఇలాంటివి ఎనిమిది దాకా వేలాడదీయొచ్చు. కొనేటప్పుడు బ్రెడ్‌బోర్డులో గుచ్చుకునే ఎనిమిది కాళ్ల ‘డిప్’ రకమే అడగాలి.

పోలికను నమ్మొద్దు

‘24’తో మొదలయ్యేవన్నీ ఒకటి కావు. 24సీ16, అంతకన్నా చిన్నవి ఒక బైటు చిరునామా అడుగుతాయి. 24సీ32 నుంచి పైవాటికి రెండు బైట్లు కావాలి. ఒకదానికి రాసిన ప్రోగ్రాం మరోదానికి పెడితే అక్షరాలు తప్పుడు గదుల్లో పడతాయి.

ఇంకోటి. 24ఎల్‌సీ256లో పేజీ అంటే 64 బైట్లు. ఒకేసారి రాసేది పేజీ అంచు దాటితే మిగతాది తర్వాతి పేజీలోకి వెళ్లదు. అదే పేజీ మొదటికి తిరిగొచ్చి పాతదాన్ని చెరిపేస్తుంది. రీడింగు 10 బైట్లయితే ఈ చిక్కు వస్తుంది. 8 బైట్లయితే పేజీకి సరిగ్గా ఎనిమిది పడతాయి, చిక్కే లేదు. రాసిన ప్రతిసారీ 5 మిల్లీసెకన్లు ఆగడం కూడా మరవకూడదు.

ఆయుష్షు మాటేమిటి? ఈ చిప్పులో ఒకే చోట పది లక్షల సార్లు రాయొచ్చు. గంటకోసారైతే ఆ అంకె ఓ మనిషి జీవితకాలంలో కూడా రాదు. పొరపాటున సెకనుకోసారి ఒకే చోట రాస్తూపోతే మాత్రం 12 రోజుల్లోపే దాటిపోతుంది.

చివరిగా ఓ చిన్న పరీక్ష. బోర్డును చేలోకి తీసుకెళ్లేముందు రెండు రోజులు ఇంట్లోనే నడపాలి. మధ్యలో కరెంటు పీకేయాలి. మళ్లీ పెట్టి, మొదటి రీడింగు నుంచి చివరిదాకా చదివి చూడాలి. ఒక్కటి తప్పినా ప్రోగ్రాం సరిచేసుకోవాలి. చిప్పు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. శనగ విత్తే అదను మాత్రం ఏడాదికి ఒక్కసారే వస్తుంది.